మందులకు లొంగని కుంగుబాటు: ఏ చికిత్స ఎవరికి?

కుంగుబాటుకు నెలల తరబడి మందులు వాడినా మనసు తేరుకోనివారు మన మధ్య చాలామంది ఉన్నారు. ఒక మందు మార్చి మరొకటి, అదీ మార్చి ఇంకొకటి వాడిన పిమ్మట వైద్యుడు మరో చికిత్స గురించి ఆలోచించమంటాడు. అప్పుడు ఆ కుటుంబం ముందు సాధారణంగా మూడు పేర్లు వచ్చి నిలుస్తాయి: విద్యుత్ చికిత్స, అయస్కాంత చికిత్స, కెటమిన్ చికిత్స. వీటిలో ఏది ఎంచుకోవాలన్న నిర్ణయం అనేక ఇళ్లలో జబ్బు తీవ్రతను బట్టి కాక, భయాన్ని బట్టి జరుగుతున్నది. వినగానే భయం కలిగించని చికిత్సను మొదట, భయం కలిగించే చికిత్సను చిట్టచివర ప్రయత్నిస్తున్నారు. ఈ వరుస సరైనది కాదని నా అభిప్రాయం. కొందరు రోగుల విషయంలో ఈ వరుస ప్రాణాల మీదకు తెస్తుంది.

నేను మానసిక వైద్య నిపుణుడిని కాను. ప్రభుత్వ ఆసుపత్రులలో సాధారణ వైద్యుడిగా పనిచేసినవాడిని. కుంగుబాటు రోగులు మొదట వచ్చేది మావంటి వారి దగ్గరకే. తలనొప్పి, నీరసం, కడుపులో మంట, నిద్రలేమి అని చెప్పుకుంటూ వస్తారు. 2015-16 సంవత్సరాలలో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో వయోజనులలో ఇరవై మందిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు కుంగుబాటుకు గురవుతున్నారు. కాబట్టి ఈ విషయం నిపుణులకే కాక ప్రతి కుటుంబానికీ కొంత తెలిసి ఉండాలి.

లొంగనిది జబ్బా, వాడకంలో లోపమా?

రెండు వేర్వేరు మందులను, ఒకదాని తరువాత ఒకటిగా, తగిన మోతాదులో, తగినంత కాలం వాడినా గుణం కనిపించకపోతే దానిని మందులకు లొంగని కుంగుబాటు అంటారు. తగినంత కాలమంటే ఒక్కొక్క మందుకు కనీసం ఆరు వారాలు. ఈ నిర్వచనంలోని ప్రతి మాటా ముఖ్యమే. పదిహేను రోజులు వాడి, "వేడి చేసింది" అని మానేసిన మందును విఫలమైన మందుగా లెక్కించరాదు. చిన్న మోతాదుతో మొదలుపెట్టి, దానిని పెంచకుండానే ఏడాది పాటు మింగిన మందును కూడా విఫలమైనదిగా లెక్కించరాదు. ఇక మందుల దుకాణంలో కొనుక్కుని ఏళ్ల తరబడి వాడే నిద్రమాత్రలు కుంగుబాటుకు మందులే కావు.

శరీరంలోని ఇతర జబ్బులను కూడా వెదకాలి. థైరాయిడ్ స్రావం తగ్గినా, రక్తహీనత ఉన్నా, విటమిన్ బి12 లోపించినా, గురకతో పాటు నిద్రలో శ్వాస ఆగిపోతున్నా మనిషి కుంగిపోతాడు. వాటిని సరిచేయకుండా ఎన్ని మందులు మార్చినా ప్రయోజనం అంతంతమాత్రమే. మద్యపానం కుంగుబాటును నయం కానివ్వదు. కొందరికి గతంలో కొన్నాళ్లు అతి ఉత్సాహం, నిద్ర లేకున్నా అలసట లేకపోవడం, విపరీతంగా ఖర్చు చేయడం వంటి లక్షణాలు వచ్చి పోయి ఉంటాయి. వారిది బైపోలార్ రుగ్మత. దానికి చికిత్సా పద్ధతి వేరు. ఈ సంగతి ఇంట్లోవారు చెప్తేనే వైద్యునికి తెలుస్తుంది.

అప్పుల బాధ, భర్త తాగుడు, ఇంట్లో హింస వంటివి కొనసాగుతున్నప్పుడు ఏ యంత్రమూ వాటిని తొలగించలేదు. అటువంటి చోట మందులతో పాటు మానసిక చికిత్స కూడా కావాలి. బ్రిటన్‌లో మందులకు స్పందించని 469 మందిపై ఒక అధ్యయనం జరిగింది. దాని ఫలితాలు 2013లో వెలువడ్డాయి. మామూలు వైద్యానికి తోడు ఆలోచనా ధోరణిని సరిదిద్దే మానసిక చికిత్స కూడా పొందినవారిలో నూటికి 46 మందికి ఆరు నెలలలో మంచి గుణం కనిపించింది. మామూలు వైద్యం మాత్రమే పొందినవారిలో అది నూటికి 22 మందికే కనిపించింది. మాటలతో చేసే చికిత్స అని దీనిని చులకన చేయరాదు. అలాగే, వాడుతున్న మందుకు లిథియం జోడించడం వంటి పాత పద్ధతులు చవకైనవి. వీటిని ప్రయత్నించారో లేదో ముందుగా అడగాలి.

అయితే మందులు మార్చుతూ పోవడానికి కూడా ఒక హద్దు ఉన్నది. అమెరికాలో సుమారు 4,000 మందితో జరిగిన స్టార్-డి అధ్యయనం ఫలితాలు 2006లో ప్రచురితమయ్యాయి. మొదటి మందుతో దాదాపు మూడవ వంతు మంది కోలుకున్నారు. రెండవ విడతలో చికిత్స మార్చినప్పుడు సుమారు 30 శాతం కోలుకున్నారు. మూడవ, నాలుగవ విడతలలో అది 13, 14 శాతానికి పడిపోయింది. ఈ లెక్కలను తిరిగి పరిశీలించిన మరికొందరు పరిశోధకులు, కోలుకున్నవారు ఇంకా తక్కువేనని వాదించారు. ఏది నిజమైనా, రెండు మూడు మందులు సక్రమంగా వాడి విఫలమైన తరువాత అయిదవ మందు, ఆరవ మందు అంటూ ఏళ్లు గడపడం తెలివైన పని కాదు.

విద్యుత్ చికిత్స

మన వాడుకలో దీనికి "కరెంటు షాకు" అని పేరు. ఈ పేరే దానికి శత్రువయింది. మన సినిమాలలో దీనిని శిక్షగానో, ప్రతినాయకుని పన్నాగంగానో చూపారు. రోగిని కట్టేసి షాకు ఇస్తూ ఉంటే అతడు కేకలు వేస్తాడు. హైదరాబాదులోని ఎర్రగడ్డ పేరునే మనం వెక్కిరింతగా మార్చుకున్నాం. ఇక ఆ ఆసుపత్రిలో జరిగే చికిత్సను గౌరవంగా ఎలా చూస్తాం?

ఈ చికిత్సను 1938లో రోము నగరంలో చెర్లెట్టి, బిని అనే వైద్యులు మొదలుపెట్టారు. ఆనాడు మత్తుమందు లేకుండానే ఇచ్చేవారు. ఎముకలు విరిగిన సందర్భాలు కూడా ఉండేవి. నేడు జరిగేది వేరు. రోగి పరగడుపున వస్తాడు. సిర ద్వారా మత్తుమందు ఇస్తారు. నిద్రలోకి జారుకున్న తరువాత కండరాలను సడలించే మందు ఇచ్చి, ప్రాణవాయువు అందిస్తూ కొద్ది సెకండ్లపాటు తలకు విద్యుత్తు పంపిస్తారు. మెదడులో అర నిమిషం నుంచి ఒక నిమిషం వరకు మూర్ఛ వస్తుంది. బయటికి కాలివేళ్ల కదలిక వంటిది మాత్రమే కనిపిస్తుంది. కొద్ది నిమిషాలలో రోగి మేలుకుంటాడు. వారానికి రెండు మూడు సార్ల చొప్పున మొత్తం ఆరు నుంచి పన్నెండు సార్లు ఇస్తారు. మత్తుమందు, కండరాలను సడలించే మందు లేకుండా ఈ చికిత్స ఇవ్వడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది.

తీవ్రమైన కుంగుబాటుకు నేటికీ దీనిని మించిన చికిత్స లేదు. అప్పటికే మందులు విఫలమైనవారిలో సైతం సుమారు సగం మంది కోలుకుంటారు. వృద్ధులలోను, భ్రమలతో కూడిన కుంగుబాటులోను ఫలితం ఇంకా మెరుగు. గర్భిణులకు సైతం తగిన జాగ్రత్తలతో ఇవ్వవచ్చు. ప్రాణాపాయం లక్ష చికిత్సలకు సుమారు రెండు మాత్రమే. చిన్న శస్త్రచికిత్సకు ఇచ్చే మత్తుమందుతో ఉండే అపాయం వంటిదే ఇది.

దీనికి చెల్లించవలసిన మూల్యం జ్ఞాపకశక్తి విషయంలో ఉన్నది. దానిని దాచరాదు. చికిత్స జరిగిన వారాలలోని సంగతులు చాలామందికి సరిగా గుర్తుండవు. కొత్త విషయాలు గుర్తుపెట్టుకునే శక్తి కొన్ని వారాలలో తిరిగి వస్తుంది. అయితే కొందరికి చికిత్సకు ముందటి నెలల జ్ఞాపకాలలో కొన్ని శాశ్వతంగా చెరిగిపోవచ్చు. తలకు ఒకవైపే విద్యుత్తు ఇస్తే ఈ నష్టం తగ్గుతుంది. కాని కొందరిలో ఫలితం నిదానిస్తుంది. గుండెపోటు వచ్చి ఎక్కువ కాలం కానివారికి, పుర్రె లోపల ఒత్తిడి పెరిగినవారికి దీనివలన అపాయం ఎక్కువ.

అయస్కాంత చికిత్స

1985లో ఇంగ్లండులోని షెఫీల్డులో బార్కర్ బృందం తల బయటి నుంచే అయస్కాంత ప్రేరణతో మెదడును కదిలించవచ్చని చూపింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లో కుంగుబాటుకు ఈ పద్ధతిని అనుమతించింది. రోగి మెలకువగా కుర్చీలో కూర్చుంటాడు. నుదుటికి ఎడమవైపు పైభాగాన తీగచుట్ట గల పరికరాన్ని ఆనిస్తారు. వడ్రంగిపిట్ట చెట్టును పొడుస్తున్నట్లు టకటక చప్పుడు, చర్మంపై తట్టినట్లు ఉంటుంది. మత్తు అక్కర లేదు. జ్ఞాపకశక్తికి హాని లేదు. చికిత్స ముగిసిన వెంటనే పనికి వెళ్లవచ్చు. మూర్ఛ రావడం అరుదు, వెయ్యిమందిలో ఒకరికన్నా తక్కువ. తలలో లోహపు ముక్కలు, చెవిలో అమర్చిన వినికిడి పరికరం ఉన్నవారికి ఇది పనికిరాదు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు ముందే చెప్పాలి.

ఫలితం మధ్యస్థంగా ఉంటుంది. 2018లో ప్రచురితమైన ఒక కెనడా అధ్యయనంలో 414 మందికి ఈ చికిత్స ఇచ్చారు. సుమారు సగం మందికి చెప్పుకోదగిన గుణం కనిపించింది. పూర్తిగా కోలుకున్నవారు మూడవ వంతుకు కాస్త అటూ ఇటూ. పాత పద్ధతిలో ఒక్కొక్క రోజుకు ముప్ఫై ఏడున్నర నిమిషాలు పట్టే పనిని మూడు నిమిషాలలో ముగించే కొత్త పద్ధతి కూడా అంతే మేలు చేస్తుందని ఆ అధ్యయనమే చూపింది.

అయితే వారానికి అయిదు రోజుల చొప్పున నాలుగు నుంచి ఆరు వారాలు రావాలి. శ్రీకాకుళం జిల్లాలోని ఒక పల్లె నుంచి విశాఖపట్నానికి రోజూ వచ్చి వెళ్లేవారికి చికిత్స మూడు నిమిషాలైనా, ముప్ఫై ఏడు నిమిషాలైనా రోజంతా పోయినట్లే. వెంట ఒక మనిషి రావాలి. ఆ మనిషి కూలి కూడా పోతుంది. ప్రైవేటు కేంద్రాలలో మొత్తం ఖర్చు వేల రూపాయలకు చేరుతుంది. నొప్పి లేదన్న మాటనే ప్రకటనలలో పెద్ద అక్షరాలతో వేస్తారు. నూటికి ఎందరికి గుణం వస్తుందో, ఎవరికి రాదో ఆ ప్రకటనలలో కనిపించదు.

కెటమిన్ చికిత్స

కెటమిన్ మాబోటి ప్రభుత్వ వైద్యులకు పాత నేస్తం. చిన్న ఆసుపత్రులలో శస్త్రచికిత్సలకు మత్తుమందుగా దశాబ్దాలుగా వాడుతున్నదే. దానినే తక్కువ మోతాదులో, నలభై నిమిషాలపాటు సిర ద్వారా ఎక్కిస్తే కుంగుబాటు కొన్ని గంటలలోనే తగ్గుతుందని 2000లో ఒక చిన్న అమెరికా అధ్యయనం చూపింది. మాత్రలు వారాలు తీసుకునే చోట ఇది గంటలలో పనిచేయడం గొప్ప విశేషం. ఈ కోవకే చెందిన ఎస్కెటమిన్ ముక్కులో చల్లే మందును అమెరికా 2019లో అనుమతించింది. విదేశాలలో ఉన్న పిల్లలు ఈ వార్త చదివి, ఇక్కడి తల్లిదండ్రులకు అదే ఇప్పించాలని పట్టుబట్టడం కూడా జరుగుతున్నది.

మందు ఎక్కుతున్నప్పుడు రోగికి తాను తన దేహం నుంచి వేరుపడినట్లు వింతగా అనిపించవచ్చు. రక్తపోటు పెరుగుతుంది. ముక్కులో చల్లే మందు ఇచ్చినా కనీసం రెండు గంటలు వైద్యుల కనుసన్నలలో ఉంచాలన్నది నియమం. ఒకసారి ఎక్కించిన మందు ప్రభావం కొద్ది రోజులకే తరిగిపోతుంది కనుక పదే పదే ఇవ్వాలి. ఎక్కువ కాలం, ఎక్కువగా వాడితే మూత్రాశయం దెబ్బతింటుంది. వ్యసనంగా మారే ప్రమాదమూ ఉన్నది. మద్యానికి, మత్తు పదార్థాలకు అలవాటుపడినవారికి, భ్రమలు ఉన్నవారికి, రక్తపోటు అదుపులో లేనివారికి ఇది తగదు. గుండెచప్పుడును, రక్తపోటును గమనించే ఏర్పాట్లు, శ్వాస ఆగితే అందించగల వైద్యుడు లేని గదిలో కెటమిన్ ఎక్కించుకోవడం నేను ఎవరికీ సలహా ఇవ్వను.

వీటికి తోడు మెడలోని వేగస్ నాడికి పరికరాన్ని అమర్చే చికిత్స ఉన్నది. దాని ఫలితం కనిపించడానికి నెలలు పడుతుంది. మెదడు లోతున తీగలు అమర్చే శస్త్రచికిత్స కుంగుబాటు విషయంలో ఇంకా పరిశోధన దశలోనే ఉన్నది. సాధారణ కుటుంబం ఎంపిక చేసుకోవలసినది పై మూడింటిలోనే.

రెండు అధ్యయనాలు చెప్పే పాఠం

2023లో అమెరికాలో సుమారు 400 మందిపై కెటమిన్‌ను, విద్యుత్ చికిత్సను పోల్చి చూశారు. కెటమిన్ పొందినవారిలో 55 శాతానికి, విద్యుత్ చికిత్స పొందినవారిలో 41 శాతానికి గుణం కనిపించింది. "షాకుకన్నా కెటమిన్ మేలు" అని పత్రికలు వ్రాశాయి. అంతకు ముందు ఏడాదే స్వీడన్‌లో వెలువడిన అధ్యయనంలో ఫలితం తారుమారుగా ఉన్నది. విద్యుత్ చికిత్సతో 63 శాతం, కెటమిన్‌తో 46 శాతం కోలుకున్నారు.

ఈ రెండింటిలో ఒకటి తప్పు కానక్కరలేదు. అమెరికా అధ్యయనంలో భ్రమలు ఉన్నవారిని చేర్చుకోలేదు. అత్యధికులు ఇంటి నుంచి వచ్చి వెళ్లే రోగులు. విద్యుత్తును మొదట తలకు ఒకవైపే ఇచ్చారు. స్వీడన్‌లో అందరూ ఆసుపత్రిలో చేరవలసినంత జబ్బుపడినవారు. కొందరికి భ్రమలు కూడా ఉన్నాయి. అంటే నడిచి వచ్చే రోగికి కెటమిన్ చాలవచ్చును. మంచం పట్టిన రోగికి విద్యుత్ చికిత్సే గట్టిది. ఏ చికిత్స గొప్పదని అడగడానికి ముందు, మన రోగి ఈ రెండు గుంపులలో ఎవరిని పోలి ఉన్నాడో చూసుకోవాలి.

నా అభిప్రాయం

అన్నం నీళ్లు మానివేసినవారు, కట్టెలా బిగుసుకుపోయి మాటామంతీ లేనివారు, తానే మహాపాపినని, ఒళ్లంతా కుళ్లిపోయిందని భ్రమపడేవారు, కాన్పు తరువాత తీవ్రంగా కుంగి తనకో బిడ్డకో హాని తలపెట్టే తల్లులు, ఆత్మహత్య తలపు విడువనివారు – వీరికి విద్యుత్ చికిత్స చివరి అస్త్రం కారాదు. మొదటి వారంలోనే దాని గురించి మాట్లాడాలి. ఇటువంటివారిని ముందు అయస్కాంత చికిత్స చేయించి చూద్దామని ఆరు వారాలు ఆపడం కాలయాపన. కొందరికి ఆ ఆరు వారాలు దక్కకపోవచ్చు.

మరొక రకం రోగులు ఉన్నారు. ఉద్యోగానికి వెళ్తారు, తింటారు, పిల్లలను బడికి పంపుతారు, కాని ఏ పనిలోనూ సంతోషం లేదు. రెండు మూడు మందులు వాడారు. ప్రాణాపాయం లేదు. వీరికి విద్యుత్ చికిత్స కోసం తొందరపడనక్కరలేదు. మానసిక చికిత్స, మందుల సవరణ ముందు జరగాలి. అవి చాలనప్పుడు, రోజూ వచ్చే వీలు, ఖర్చు భరించే శక్తి ఉంటే అయస్కాంత చికిత్స మంచి ఎంపిక. లెక్కలు, పాఠాలు, వ్యాజ్యాల వంటి జ్ఞాపకశక్తిపై ఆధారపడిన వృత్తులలో ఉన్నవారికి ఇది మరీ నప్పుతుంది.

ఈ రెండింటికీ నడుమ, త్వరగా ఉపశమనం కావలసి ఉండి, భ్రమలు లేక, గుండె బాగుండి, వ్యసనాలు లేనివారికి పెద్ద ఆసుపత్రిలో కెటమిన్ ఇప్పించవచ్చు. అది వంతెన వంటిది. ఆ తరువాత ఏ చికిత్సతో నిలబెట్టుకోవాలో ముందే నిర్ణయించుకోవాలి.

కోలుకున్న తరువాత

మన కుటుంబాలు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. మనిషి లేచి తిరుగుతున్నాడు కదా అని మందులు ఆపివేస్తారు. విద్యుత్ చికిత్సతో పూర్తిగా కోలుకున్నవారిపై 2001లో ప్రచురితమైన ఒక అధ్యయనం చూడండి. తరువాత ఉత్తుత్తి మాత్రలు ఇచ్చినవారిలో 84 శాతానికి ఆరు నెలలలో జబ్బు తిరగబెట్టింది. నార్‌ట్రిప్టిలిన్ అనే మందు వాడినవారిలో 60 శాతానికి, దానికి లిథియం జోడించినవారిలో 39 శాతానికి తిరగబెట్టింది. రెండు మందులూ పాతవి, చవకైనవి. ఈ చికిత్సలు మనిషిని గోతిలోనుంచి పైకి లాగుతాయి. మళ్లీ పడకుండా కాపాడేది ఆ తరువాతి మందులు, అవసరమైతే నెలకో రెండు నెలలకో ఒకసారి ఇచ్చే చికిత్స, ఇంటివారి ఆదరణ.

నిర్ణయం ఎవరిది?

నిర్ణయం రోగిదే. 2018 మే 29 నుంచి అమలులో ఉన్న చట్టం ఈ హక్కును స్పష్టం చేసింది. రోగి నిర్ణయించుకోలేని స్థితిలో ఉంటే ఆయన నియమించుకున్న ప్రతినిధి తోడ్పడాలి. అత్యవసరం పేరుతో సమ్మతి లేకుండా విద్యుత్ చికిత్స ఇవ్వడాన్ని ఆ చట్టం ఒప్పుకోదు. పద్దెనిమిదేళ్లు నిండనివారికి ఇవ్వాలంటే సంరక్షకుని సమ్మతితో పాటు మానసిక ఆరోగ్య సమీక్షా మండలి అనుమతి ముందుగా పొందాలి. జబ్బు పదే పదే తిరగబెట్టేవారు బాగున్న రోజులలోనే తమకు ఏ చికిత్స కావాలో, ఏది వద్దో వ్రాసి ఉంచుకునే అవకాశాన్ని కూడా ఆ చట్టమే కల్పించింది. కూతురికి పెళ్లి సంబంధాలు తప్పిపోతాయనో, కోడలి జబ్బు నలుగురికీ తెలుస్తుందనో పెద్దలు చికిత్సను అడ్డుకోవడం ఈ హక్కుకు విరుద్ధం.

శరీర వ్యాధులతో సమానంగా మానసిక వ్యాధులకు కూడా బీమా వర్తించాలన్నది అదే చట్టంలోని నియమం. అయితే ఆసుపత్రిలో చేరకుండా పొందే చికిత్సకు మీ పాలసీ వర్తిస్తుందో లేదో ముందే అడిగి తెలుసుకోండి. ఎర్రగడ్డలోని మానసిక చికిత్సాలయం, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయం, బెంగళూరులోని నిమ్హాన్స్ వంటి ప్రభుత్వ సంస్థలలో పేదవారికి కూడా నిపుణుల సలహా లభిస్తుంది. ప్రైవేటు కేంద్రంలో డబ్బు చెల్లించే ముందు ఇటువంటి చోట ఒకసారి రెండవ అభిప్రాయం తీసుకోవడం మంచిది.

వైద్యుని వద్దకు వెళ్లేటప్పుడు ఇంతవరకు వాడిన మందుల పేర్లు, మోతాదు, ఎన్ని వారాలు వాడారో ఒక కాగితం మీద వ్రాసుకుని వెళ్లండి. ఈ ప్రశ్నలు అడగండి: మా రోగి జబ్బు ఎంత తీవ్రమైనది? ఎంత త్వరగా గుణం రావాలి? మీరు చెప్పే చికిత్స ఇటువంటివారిలో నూటికి ఎందరికి పనిచేస్తుంది? దాని వలన ఏమి నష్టపోవచ్చు? అది ఫలించకపోతే తరువాత ఏమి చేస్తారు? ఫలిస్తే ఎలా నిలబెడతారు? వీటికి ఓపికగా జవాబు చెప్పే వైద్యుని నమ్మవచ్చు.

ఇంట్లో ఎవరైనా చనిపోవాలని ఉందని అంటే దానిని బెదిరింపుగా తీసుకోవద్దు. వారిని ఒంటరిగా వదలవద్దు. పురుగుమందులు, మాత్రలు అందుబాటులో ఉంచవద్దు. ప్రభుత్వ టెలి మానస్ సేవ 14416 నంబరులో రాత్రింబగళ్లు ఉచితంగా లభిస్తుంది. తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ తరువాత ఆలస్యం చేయకుండా వారిని ఆసుపత్రికి తీసుకువెళ్లండి. అక్కడి వైద్యుడు విద్యుత్ చికిత్స మాట ఎత్తితే, భయపడి లేచి రాకండి. కూర్చుని పూర్తిగా వినండి.